నర్తకి గౌనూ, నలుగురి గౌనూ

నాట్యాన్ని గురించి మనవాళ్ళు రాసే విమర్శలలో దుస్తులకు దక్కే చోటు చాలా తక్కువ. అభినయం ఎట్లా ఉన్నది, తాళం తప్పిందా లేదా, పాడినవారి గొంతు ఏ స్థాయిలో పలికింది – ఇవన్నీ అయిన తరువాత, చివరన “ఆహార్యం కన్నుల పండువుగా ఉన్నది” అని ఒక్క వాక్యం రాసి కలం మూసేస్తారు. నాలుగు రకాల అభినయాలలో ఆహార్యం కూడా ఒకటి అని లాక్షణికులు చెప్పిన సంగతి వాళ్ళకు తెలియక కాదు. గుడ్డ అనేది దర్జీ వ్యవహారమే గాని విమర్శకుని వ్యవహారం కాదని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నేను ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోను. ఒక మనిషి ఏ పని చేస్తున్నదీ, ఎవరి కోసం చేస్తున్నదీ, ఆ పనిని చూసేవాళ్ళు ఏ దృష్టితో చూస్తున్నదీ ఆమె ఒంటిమీది గుడ్డ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

ఈ వ్యాసంలో పాశ్చాత్య బ్యాలే నర్తకి తొడిగే టూటూను గురించి కొంత చెప్పదలచాను. (మన పత్రికలు నృత్యనాటకాన్ని కూడా బ్యాలే అనే రాస్తాయి. నేను చెప్పేది దాన్ని గురించి కాదు.) కొడవలూరులో కాపురముంటూ పారిస్ నర్తకి లంగా గురించి రాయటమేమిటని పాఠకులు నవ్వవచ్చు. కాని ఆ లంగా కొడవలూరుకు వచ్చి చాలా కాలమయింది. పేరు మార్చుకుని వచ్చింది కనుక మనం గుర్తుపట్టలేదు. పుట్టినరోజు పిల్లల గౌను కింద, ఓణీల ఫంక్షనులో ఆడపిల్ల తొడిగే లెహంగా కింద బుట్టలాగా నిలబడే వలగుడ్డ ఉన్నది చూడండి, మన టైలర్లు దాన్ని “క్యాన్‌క్యాన్” అంటారు. ఆ పేరు పారిస్‌లోని మరో నాట్యానిది. గుడ్డ మాత్రం టూటూకు దగ్గరి చుట్టం.

టూటూ ఒక్కరోజున పుట్టింది కాదు. 18వ శతాబ్దంలో పారిస్ ఒపేరాలో నాట్యం చేసే స్త్రీలు నేలను ఊడ్చే బరువైన లంగాలు తొడిగేవారు. పాదాలు ఏం చేస్తున్నాయో ప్రేక్షకునికి కనబడేది కాదు, కనబడటానికి పెద్దగా ఏమీ ఉండేదీ కాదు. 1726లో పారిస్‌లో రంగప్రవేశం చేసిన మరీ కమార్గో గాలిలోకి ఎగిరి, కింద పడేలోగా పాదాలను ఒకదానితో ఒకటి చకచకా తాటించే అడుగులలో సమర్థురాలు. అప్పటిదాకా అవి మగవాళ్ళ అడుగులు. తన అడుగులు లోకానికి కనబడాలంటే లంగా అడ్డం తప్పుకోవాలి. అందుకని ఆమె లంగాను చీలమండల పైకి ఎత్తించింది. దాని మీద పెద్ద రభస జరిగింది. తరువాత 1832లో “లా సిల్ఫీడ్” అనే బ్యాలేలో మరీ టాల్యోనీ గంటలాగా విచ్చుకుని పిక్కల దాకా వేలాడే తెల్లని పలచటి లంగాతో, మునివేళ్ళ మీద నిలబడి నాట్యం చేసింది. టూటూ చరిత్రను సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ శతాబ్దం చివరికి ఇటలీ నర్తకులు మరింత కఠినమైన విద్యతో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరారు. 1885లో అక్కడికి వచ్చిన వర్జీనియా జూకీ పొడుగు లంగాలను ఒప్పుకోలేదు. 1895లో “హంసల సరస్సు”ను పెటిపా, ఇవనోవ్‌లు కొత్తగా కూర్చినప్పుడు నాయిక వేషం కట్టిన పియెరీనా లెన్యానీ ఒంటికాలి మునివేళ్ళ మీద వరసగా 32 సార్లు గిర్రున తిరిగేది. రెండో కాలు ప్రతి చుట్టులోనూ కొరడాలాగా గాలిని కొట్టాలి. మోకాలు కప్పిన లంగాతో ఆ విద్య ఎవరికి తెలుస్తుంది? టూటూ ఆ రోజుల్లో మోకాళ్ళ పైకి పోయింది. ఆ పైన 20వ శతాబ్దంలో అది నడుము దగ్గర పళ్ళెంలాగా అడ్డంగా నిలబడింది.

ఇది గమనించదగిన విషయం. కాలికి పని పెరిగిన కొద్దీ గుడ్డ తగ్గింది. కమ్మరి చొక్కా చేతులు పైకి మడవటానికీ దీనికీ తేడా లేదు. పది పన్నెండు పొరల వలగుడ్డను ఒకదాని మీద ఒకటి వేసి, పైదానికన్నా కిందిది కొంచెం పొట్టిగా కత్తిరించి, చేత్తో టాకాలు వేసి నిలబెడతారు. నర్తకి నడుము ఎటు వంగితే అది అటు వంగాలి, ఆమె జతగాడు నడుము పట్టుకుంటే వాడి చేతికి అడ్డం రాకూడదు. లోపల గుండ్రంగా ఉక్కుతీగ పెట్టే ఆచారం ఉండేది. 1950లో న్యూయార్కులో కరిన్స్కా అనే దుస్తుల నిపుణురాలు ఆ తీగను తీసేసి, పొరలను మెత్తగా, పొట్టిగా చేసింది, ఎందుకంటే బాలన్‌షీన్ కూర్పులలో నర్తకులు ఒకరినొకరు తగిలేటంత దగ్గరగా కదులుతారు. ఇంత శ్రమతో కుట్టిన దాన్ని పొరలు వాలిపోకుండా తలకిందులుగా వేలాడదీసి దాస్తారు. చూసేవాడికి నురగలా కనబడే టూటూ అసలు పనిముట్టు. ఆ నురగ చూసి మురిసిపోవటమే కాని, అందులోని పనితనం చూసేవారు ఎప్పుడూ తక్కువే.

ఆ వలగుడ్డ ఎక్కడిది? 19వ శతాబ్దం తొలి దశాబ్దంలో హీత్‌కోట్ అనే ఇంగ్లీషువాడు వలను అల్లే యంత్రం తయారుచేశాడు. అంతకు ముందు వల అనేది చేతితో, నెలల తరబడి అల్లే వస్తువు, దొరసానుల సొత్తు. 1816లో లాఫ్‌బరోలో అతని కర్మాగారం మీద పనివాళ్ళు దాడిచేసి 50కి పైగా యంత్రాలను ధ్వంసం చేశారు. లంకాషైరు మిల్లుగుడ్డ మన కోస్తా సాలెవాళ్ళ మగ్గాల మీద ఏ దెబ్బ కొట్టిందో నెల్లూరు జిల్లావాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. టాల్యోనీ గాలిలో తేలిపోతున్నదని కవులు పరవశించిన రోజుల్లో, ఆ తేలికదనం వెనక ఇంత బరువు ఉన్నది.

చూసినవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. పారిస్ ఒపేరాలో రంగస్థలం వెనక ఒక పెద్ద హాలు ఉండేది. సంవత్సర చందా కట్టిన ధనవంతులకు అందులోకి ప్రవేశం. నాట్యానికి ముందు, నాట్యం మధ్యలో వాళ్ళు అక్కడ నర్తకులతో ముచ్చటలాడేవారు, బేరాలాడేవారు. నర్తకులలో ఎక్కువమంది చాకలి పని చేసే తల్లుల బిడ్డలు, కూలివాళ్ళ బిడ్డలు. చిత్రకారుడు డెగా 1881లో ప్రదర్శించిన మైనపు బొమ్మలో ఉన్న పిల్ల మరీ వాన్ గోతెం అటువంటిదే. తల్లి చాకలి పనిమనిషి. డెగా ఆ బొమ్మకు నిజమైన గుడ్డతో టూటూ తొడిగాడు. బొమ్మను చూసిన నాగరికులు పిల్ల ముఖం కోతిలాగా ఉన్నదన్నారు. వాళ్ళకు టూటూ కావాలి, అందులో ఉన్న పిల్ల ముఖం అక్కరలేదు. 1882లో ఆ పిల్లను ఒపేరా నుంచి తీసేశారు. ఇప్పుడు ఆ బొమ్మకు పోసిన కంచు ప్రతులు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. టూటూ అనే మాటే పసిపిల్లల భాషలో పిరుదులకు వాడే మాట నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. ఆ మాట ఎవరి నోట్లో, ఏ చూపుతో పుట్టి ఉంటుందో ఊహించటం కష్టం కాదు.

ఇంకొక సంగతి ఉన్నది. దాన్ని గురించి చదివినప్పటి నుంచి నాకు ఈ గుడ్డ మీద చులకనగా మాట్లాడటం చేత కావటం లేదు. అప్పట్లో రంగస్థలం మీద వెలుతురు గ్యాసు దీపాలది. పలచటి గుడ్డ, పొరల మధ్య గాలి, అడుగు దూరంలో మంట – అంతకన్నా ప్రమాదం ఏం కావాలి? 1844లో లండన్ డ్రూరీలేన్ రంగస్థలం మీద క్లారా వెబ్‌స్టర్ ఇట్లాగే కాలి చనిపోయింది. పారిస్‌లో 1859లో ఒక ఆజ్ఞ జారీ అయింది. దుస్తులనూ తెరలనూ మంట అంటుకోకుండా ఒక రసాయనంలో ముంచాలని. ముంచిన గుడ్డ బిరుసెక్కి, మాసినట్టు కనబడేది. నర్తకులలో చాలామందికి అది నచ్చలేదు. టాల్యోనీ శిష్యురాలు ఎమ్మా లివ్రీ తన మామూలు లంగాతోనే నాట్యం చేస్తాననీ, ఏం జరిగినా బాధ్యత తనదేననీ రాసి ఇచ్చింది. 1862 నవంబరులో, ఒక మూగపిల్ల వేషానికి రిహార్సలు చేస్తూ ఉండగా ఆమె లంగా దీపానికి తగిలింది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలైలో చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇంకా 21 ఏళ్ళు నిండలేదు. కాలగా మిగిలిన గుడ్డపీలికలను పారిస్ ఒపేరా గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రపరచి ఉంచారు.

ఆమె మొండితనం వల్ల చచ్చిందనేవారున్నారు. మాసిన రంగు లంగాతో వస్తే ఆమెను అప్సరస అని ఎవరు అంటారు? ఎవరు టికెట్టు కొంటారు? ఆమె సంతకం చేసిన కాగితం మీద ఆ ప్రశ్నలు కనిపించవు.

ఇక మనవాళ్ళ సంగతికి వస్తాను. దుస్తుల ప్రసక్తి వచ్చినప్పుడు రెండు రకాల వాదనలు వినబడతాయి. సంప్రదాయవాదులు అంటారు గదా – గౌన్లూ టూటూలూ పడమటివాళ్ళ సిగ్గులేనితనం, మన నాట్యానికి మన చీర ఉన్నది అని. అభ్యుదయవాదులమని చెప్పుకునేవారిలోనే కొందరు మిత్రులు, టూటూ అయినా పట్టుకుచ్చెళ్ళయినా ప్రభువుల వినోదానికి పుట్టినవేగా, ప్రజలకు వాటితో పని ఏమిటి అంటారు. మొదటి వాదనలో చరిత్ర తెలియకపోవటం ఉన్నది. రామప్ప గుడి దూలాల కింద నిలబడిన కాకతీయుల కాలపు నర్తకుల శిల్పాలు ఈ మహానుభావులు ఒక్కసారి చూస్తే చాలు, మోకాళ్ళు కనబడటం పడమటి నుంచి వచ్చిందో కాదో తేలిపోతుంది. రెండో వాదనలో తొందరపాటు ఉన్నది. విప్లవం తరువాత రష్యాలో కార్మికులు “హంసల సరస్సు”ను తగలబెట్టలేదు. జారు కూర్చున్న కుర్చీలలో తాము కూర్చుని చూశారు. 1927లో “ఎర్ర గసగసాల పువ్వు” అనే కొత్త బ్యాలేను బొల్షోయ్‌లో ఆడినప్పుడు అందులోని నావికుల నాట్యాన్ని ఎంత మెచ్చుకున్నారో, పాత హంసలనూ అంతే మెచ్చుకున్నారు. శ్రమ విలువ తెలిసినవాడు ఎదుటి మనిషి కాళ్ళలో పదేళ్ళ శ్రమను పోల్చుకోగలడు.

మనదేశంలోనూ పారిస్ ఒపేరా వెనక హాలు వంటిది ఉండేది. దాని పేరు మేజువాణి. కోస్తా జిల్లాలలో జమీందారుల పెళ్ళిళ్ళలో, ధనవంతుల లోగిళ్ళలో కలావంతులు పాడి ఆడారు. వాళ్ళ విద్యను అనుభవించినవాళ్ళే వాళ్ళ కులాన్ని ఈసడించారు. దక్షిణదేశపు భోగం నర్తకుల పాత ఛాయాచిత్రాలు చూస్తే పైజమా మీద చీర కట్టి, ముందు కుచ్చెళ్ళు విసనకర్రలాగా వేలాడదీసి ఉంటారు. అరమండిలో కూర్చోవటానికి ఆ కట్టు వీలు. వీరేశలింగంగారి కాలం నుంచీ భోగంమేళాలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం స్త్రీ బానిసత్వాన్ని ఎదిరించింది, దానిని మనం కాదనలేము. కాని 1947 నాటి మదరాసు చట్టం దాకా నడిచిన ఆ చరిత్రలో ఆచారంతో పాటు ఆ స్త్రీల విద్యకు కూడా తలుపు మూసుకుపోయింది. నటరాజ రామకృష్ణగారు ఆ వృద్ధకళాకారిణులను వెతికి పట్టుకుని “ఆంధ్రనాట్యం”గా ఆ విద్యను నిలబెట్టకపోతే మనకు ఈపాటి కూడా మిగిలేది కాదు.

అదే కాలంలో మదరాసులో నాట్యం పెద్దింటి ఆడపిల్లల చేతికి వచ్చింది. ఇక్కడ టూటూకూ మనకూ నేరుగా ఒక ముడి ఉన్నది. అన్నా పావ్లోవా నాట్యాన్ని చూసి ముగ్ధురాలైన రుక్మిణీదేవి, పావ్లోవా బృందంలోని క్లియో నార్డీ దగ్గర బ్యాలే నేర్చుకున్నారు. సొంతదేశపు నాట్యం చూసుకోమని సలహా చెప్పింది కూడా పావ్లోవాయే అంటారు. రుక్మిణీదేవి 1935లో అడయారులో ప్రదర్శన ఇచ్చి, 1936లో కళాక్షేత్రం స్థాపించారు. కట్టుకునే చీర పోయి, ముక్కలు ముక్కలుగా కుట్టి తొడిగే నాట్యపు దుస్తులు ఆ రోజుల నుంచే వ్యాపించాయి. ఆ దుస్తులలో బ్యాలే రంగస్థలం మీది పద్ధతి కొంత ఉన్నదని నా నమ్మకం. గుడ్డ జారదు, ముడి విడదు, ప్రతి అడుగులోనూ అనుకున్న చోటే విచ్చుకుంటుంది.

కూచిపూడి సంగతి మరీ విచిత్రం. అక్కడ శతాబ్దాల పాటు సత్యభామ వేషం కట్టింది మగవాళ్ళు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూసి ఆడవాళ్ళే ఆశ్చర్యపోయారని పెద్దలు చెప్పుకునేవారు. అటువంటి వేషంలో చీరకూ జడకూ నగలకూ ఉన్న పని మగ శరీరాన్ని దాచటం. వెంపటి చినసత్యంగారి వంటివారి దగ్గర – ఆయన కూచిపూడి ఆర్ట్ అకాడమీ 1963లో మదరాసులో వెలిసింది – ఆడపిల్లలు వందల సంఖ్యలో చేరిన తరువాత దాచవలసింది ఏమీ లేకపోయింది. అప్పుడు దుస్తుల పని మారింది. చూపటం దాని పనయింది. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు ఆనించి, పళ్ళాన్ని పాదాలతో జరుపుతూ లయ తప్పకుండా సాగిపోతుంది. కుచ్చెళ్ళు రెండంగుళాలు పొడుగైతే పళ్ళెం కింద పడతాయి, ఆమె బోర్లా పడుతుంది. కుట్టేవాళ్ళు అందుకే చీలమండ పైకి కొలత తీసుకుంటారు. అరమండిలో కూర్చోగానే మోకాళ్ళ మధ్య విచ్చుకునే ఆ విసనకర్ర మోకాళ్ళు ఎంత వంగాయో ప్రేక్షకునికి చెప్పే కొలబద్ద. వంగని మోకాళ్ళ మధ్య అది విచ్చుకోదు. దొంగ అరమండిని పట్టించే సాక్షి నర్తకి తానే తొడుక్కుని వస్తున్నది! ఇటువంటి దుస్తులను “కన్నుల పండువు” అని వదిలెయ్యటం అన్యాయం కాదా?

రంగస్థలం దిగి వీధిలోకి వచ్చిన తరువాత ఏమవుతుంది? పడమటిదేశాలలో జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1947లో దియోర్ సన్ననడుమూ గుబురు లంగాలూ తెచ్చిన తరువాత, 1950లలో వలగుడ్డ లోలంగాలు మధ్యతరగతి అమ్మాయిలందరికీ దిగాయి. 1998లో ఒక అమెరికన్ టెలివిజను కథామాలిక ప్రారంభదృశ్యంలో నాయిక టూటూ తొడిగి న్యూయార్కు వీధిలో నడిచింది. బస్సు ఆమె మీద బురదనీళ్ళు చిమ్ముతుంది. ఆ లంగాను దుస్తుల నిపుణురాలు ఒక బుట్టలో నుంచి ఐదు డాలర్లకు ఏరిందట. ఆ తరువాత అది పెద్దవాళ్ళ ఫాషను కూడా అయింది. అక్కడ కనీసం ఆ నాయిక వీధిలో తన కాళ్ళతో నడుస్తున్నది.

మన దగ్గర సంగతి వేరు. మా ఊళ్ళో మిషను కుట్టే ఒకామెను అడిగితే ఓపిగ్గా చెప్పింది. లెహంగాకు లైనింగు వేసి, దాని కింద క్యాన్‌క్యాన్ రెండు మూడు పొరలు వేస్తారు. నెట్టు గుచ్చుకోకుండా లోపల మళ్ళీ మెత్తటి గుడ్డ. గేరు ఎంత ఎక్కువ ఉంటే అంత ఘనత. పొడుగు మాత్రం నేలను తాకాలి, చెప్పు కూడా కనబడకూడదు. “పొట్టిగా కుడితే తీసుకోరండీ” అన్నది. రంగస్థలం మీద కాళ్ళ కోసం రెండువందల ఏళ్ళు పైకి పోయిన గుడ్డ, ఇక్కడికి వచ్చి కాళ్ళను కప్పి నేలను ఊడుస్తున్నది. కమార్గోకు పూర్వం ఉన్న చోటికి మళ్ళీ వచ్చింది!

నా విద్యార్థిని ఒకమ్మాయి ఉండేది. ఊరు ఈ చుట్టుపక్కలే. చిన్నప్పటి నుంచి ఆరేళ్ళు నెల్లూరికి వెళ్ళి కూచిపూడి నేర్చుకుంది. పాదం గట్టిది. నేల మీద అది పడితే చప్పుడులో అనుమానం ఉండదు. ఇంటరు చదివే రోజుల్లో ఆమెకు ఓణీల ఫంక్షను చేశారు. వెళ్ళాను. నాట్యం చేసినప్పుడు కట్టే దుస్తులకన్నా రెండింతల ఖరీదైన లెహంగా, క్యాన్‌క్యాన్‌తో. ఆ పిల్ల కుర్చీలో కూర్చోవాలంటే ఇద్దరు మేనత్తలు చెరోవైపు గుడ్డ ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. ఫోటోగ్రాఫరు “ఒక్కసారి తిరుగమ్మా, గేరు పడాలి” అన్నాడు. ఆమె తిరిగింది. లంగా గొడుగులాగా విచ్చుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆరేళ్ళు తీర్మానాలు నేర్చిన పిల్లకు ఆ రోజు దక్కిన నాట్యం ఆ ఒక్క చుట్టు. తరువాతి నెల నుంచి ఆమె నాట్యం క్లాసుకు వెళ్ళలేదు. ఎందుకు మానిపించారని వాళ్ళ నాన్నను అడిగాను. “మీకు తెలియంది ఏముందండీ, పెద్దపిల్లయింది. నలుగురిలో గెంతటం ఏం బాగుంటుంది?” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కూతురు చదువుకు అప్పుచేసిన మనిషి. నలుగురిలో వేదిక ఎక్కించి, ఫోటోలు తీయించి, గిర్రున తిప్పినప్పుడు ఆయనకు అభ్యంతరం కనబడలేదు. కాళ్ళు కనబడలేదు కనుక అది గౌరవం. కాళ్ళు పనిచేస్తూ కనబడితే అది గెంతటం.

ఇక్కడే మరొక దృశ్యం పక్కన పెట్టి చూడాలి. కొడవలూరు వరిపొలాల ఊరు. నాట్లు పడే రోజుల్లో ఇరవై ముప్ఫైమంది ఆడవాళ్ళు మడిలో వరసగా నిలబడి, నడుము దగ్గర వంగి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ నారు గుచ్చుతారు. బురద పిక్కల దాకా ఉంటుంది. చీరను మోకాళ్ళ పైకి ఎగదోపి, కుచ్చెళ్ళు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి బిగిస్తారు. పైన చేతులకు ఆకు కోసుకోకుండా మొగుడిదో కొడుకుదో పాత చొక్కా. ఆ చొక్కా కింద ఆ చీరకట్టును ఏ ఫాషను పత్రికా అచ్చువేయదు. కాని దాని లెక్క టూటూ లెక్కే. కాలికి పని ఎంత ఉంటే గుడ్డ అంత పైకి. వెనకడుగు వేసేటప్పుడు మడమ ముందు ఆనదు, వేళ్ళు ముందు బురదను వెతుక్కుని, ఆ తరువాత బరువు దిగుతుంది. ఒక అడుగుకూ మరొక అడుగుకూ మధ్య ఎడం చెదరదు. ముప్ఫైమంది గీసినట్టుగా కదులుతారు. హంసల బృందాన్ని గురించి పేజీలకు పేజీలు రాసిన విమర్శకులు దీన్ని చూస్తే ఏమంటారో నాకు తెలియదు.

ఆ ఆడవాళ్ళను గట్టు మీద నుంచి చూసే కళ్ళు ఏం చూస్తాయో నేను వివరించనక్కరలేదు. చందాదారుల కళ్ళే. పని చేసే స్త్రీ కాళ్ళు ఎవరైనా చూడవచ్చు, ఆమెకు మానం పోయేది లేదని ఆసామి అనుకుంటాడు. ఆసామి కూతురి చీలమండ కనబడితే మాత్రం వంశం పరువు పోతుంది. సాయంత్రం మడిలో నుంచి లేచి, కాలువలో కాళ్ళు కడుక్కుని, ఆటో ఎక్కేముందు ఆ కూలివాళ్ళు చీర కుచ్చెళ్ళు దించి పాదాల దాకా సర్దుకుంటారు. మర్నాడు వాళ్ళ పిల్లల పుట్టినరోజుకు నెట్టు గౌను కొంటారు, అప్పుచేసి అయినా కొంటారు. ఆ గౌను వేసుకున్న పిల్లతో “పరిగెత్తకే, చిరిగిపోతుంది” అంటారు. నేను వాళ్ళను తప్పుపట్టను. ఎగదోపిన చీరకు మర్యాద లేదని ఈ సమాజం వాళ్ళకు ప్రతిరోజూ చెబుతున్నది. నేలను తాకే గుడ్డలో తమ పిల్ల ఒక్కరోజైనా పనిలేని దొరసానిలాగా కనబడాలని వాళ్ళ కోరిక.

కనుక నెట్టు గౌన్లను నిషేధించమని నేను అనటం లేదు. అటువంటి నిషేధాలు చివరకు ఆడపిల్లల మెడకే చుట్టుకుంటాయి. కాని పిల్ల కాళ్ళకు పని ఉన్న చోట – బడిలో, ఆటలో, నాట్యంలో – కొలత కాళ్ళను బట్టి తీయించమని మాత్రం గట్టిగా అడుగుతాను. అద్దెకు తెచ్చే నాట్యం డ్రెస్సులు నేను చూశాను. విసనకర్ర కుచ్చెళ్ళు కదలకుండా ఒకదానికొకటి కుట్టేసి ఉంటాయి, ఇస్త్రీ పోకుండా. ఏ పిల్ల అరమండి ఎట్లా ఉన్నదో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మన ఇళ్ళలో ఒక మంచి ఆచారం ఉన్నది. దీపావళినాడు పిల్లలకు నూలు బట్టలే వేస్తారు, అదీ ఒంటికి దగ్గరగా ఉండే గట్టి నూలు. ఇప్పటి నెట్టు నైలానుదో పాలియెస్టరుదో. అది మంట తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పొరల మధ్య గాలి ఆడే ఏ గుడ్డయినా మంటకు సులువుగా దొరుకుతుంది. ఎమ్మా లివ్రీది నైలాను కాదు గదా. ఈ మధ్య మా ప్రాంతంలో ఒక బడి వార్షికోత్సవానికి దీపనృత్యం ఏర్పాటు చేశారు. పదిమంది చిన్నపిల్లలు, నేల దాకా నెట్టు గౌన్లు, అరచేతుల్లో నూనెపోసి వెలిగించిన ప్రమిదలు. రిహార్సలు చూసి, పిల్లలకు నూలు పావడాలు చీలమండ పైకి కుట్టించండి, లేదా దీపాలయినా మార్చండి అని చెప్పాను. వాళ్ళు శ్రద్ధగానే విన్నారు. గౌన్లకు అప్పటికే డబ్బు కట్టేశారట, ఫోటోలలో కూడా బాగుంటాయట. బ్యాటరీ దీపాలు తెప్పించారు.